తొంభయ్యో రోజు పీచు చాప

సోమేశ్వరరావు గారి పేరు వింటే నాకు నోరు చేదెక్కుతుంది. ఇంకా ‘గారు’ అని ఎందుకంటున్నానో నాకే తెలియదు. అలవాటు. అంబాజీపేట దగ్గర కొబ్బరి పీచు మిల్లు పెడుతున్నానని, బ్యాంకువాళ్ళు హామీ అడుగుతున్నారని, మూడేళ్ళ క్రితం నేను సెలవు మీద ఊరెళ్ళినప్పుడు ఆయన మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. “నీ మేలు కోరి చెబుతున్నా అయ్యప్పా, మిల్లు లేస్తే నువ్వు కువైట్లో ట్యాంకరు తోలక్కర్లేదు” అన్నాడు. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. ఆయన నా ముందు పెట్టిన పద్నాలుగు ఇంగ్లీషు కాగితాల మీద పద్నాలుగు సంతకాలు పెట్టాను. చదివి వినిపించమని అడగలేదు. అడిగితే ఆయన నొచ్చుకుంటాడనుకున్నాను. మా నాన్న నాటిన తోట దస్తావేజులు అలా బ్యాంకు బీరువాలోకి వెళ్ళాయి.

మిల్లు నడిచింది. పీచుతో మందపాటి చాపలు నేసింది. వాటిని కొనడానికి ముందుకొచ్చింది ఒకే ఒక్క కంపెనీ. దాని ఆఫీసు ఇక్కడే కువైట్లో, రిగ్గైలో. అరబ్బీలో పొడుగాటి పేరు ఉంది కానీ మనవాళ్ళు దాన్ని దీవుల కంపెనీ అంటారు. పసిఫిక్ సముద్రంలో నవోరా అని తొమ్మిది దీవుల చిన్న దేశం. సముద్రం ఏటా వాళ్ళ ఒడ్డు కోసుకుపోతోంది. అడ్డుకట్టకి ఆ సర్కారు దగ్గర డబ్బు లేదు. అందుకని ప్రైవేటు కంపెనీలను పిలిచింది: మీ ఖర్చుతో మా ఒడ్డు కాపాడండి, బదులుగా ముప్పై ఏళ్ళు ఒక దీవిలో హోటలు నడుపుకోండి అని. మూడు కిలోమీటర్ల ఒడ్డు మీద కొబ్బరి పీచు చాపలు పరిచి, చాపల కన్నాల్లో మొక్కలు నాటతామని దీవుల కంపెనీ మాటిచ్చింది.

ముందు ఒక పరీక్ష పెట్టారు. జహ్రా దగ్గర కంపెనీ యార్డులో సిమెంటు తొట్టి కట్టి, సముద్రపు నీళ్ళు నింపి, మోటారుతో అలలు పుట్టించి, అందులో ఒక చాపను తొంభై రోజులు ఉంచాలి. చాప మూలకి నవోరా సర్కారు వాళ్ళ ప్లాస్టిక్ సీలు, నంబరు 0417. ఒకసారి వేశాక అది కోస్తేనే వస్తుంది. తొంభయ్యో రోజున నవోరా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు మేడమ్ చాప గట్టిగా ఉందంటే ఒప్పందం. ఒప్పందమైతే మిల్లు నిలుస్తుంది, అప్పు తీరుతుంది, నా తోట నాకొస్తుంది. కాకపోతే ఏమిటో నేను రాయనక్కర్లేదు.

ఆ తొంభయ్యో రోజు 2014 నవంబరు ఇరవై, గురువారం. పొద్దున్న తొమ్మిదీ పదికి నాకు ఫోనొచ్చింది.

“బాబాయ్, నేనండి, అబ్బుల్నండి. నన్ను కూకోబెట్టేశారండి. సీలు నేనే కోసేశానంటన్నారు. ఒంటిగంటకి పోలీసులకి ఇచ్చేత్తారంటండి.”

అబ్బులు ముమ్మిడివరం వైపు కుర్రాడు, యార్డు కాపలాదారు. పోలీసులకి అప్పగిస్తే కేసు, తర్వాత ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, రద్దు, చివరికి ఫింగర్. వేలిముద్రలు తీసుకుని పంపేస్తే మళ్ళీ కువైట్ మొహం చూడలేడు. నేను పోలీసును కాను. పదకొండేళ్ళుగా నీళ్ళ ట్యాంకరు తోలుతున్నాను. నీళ్ళ ట్యాంకరు వెళ్ళని గేటు ఉండదు కాబట్టి మనవాళ్ళలో ఎవరు తప్పిపోయినా, ఏది పోయినా నాకే చెబుతారు. ఇప్పటికి పదిహేడు కేసులు తేల్చాను. పని అయ్యాక గుర్తు పెట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.

తొమ్మిదీ నలభైకి యార్డులో దిగాను.

స్టోరు గదిలో అబ్బులు ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఒక కటింగ్ ప్లేయరు, కోసిన సీలు. బల్లకి అవతల అన్వర్ బాషా. కంపెనీ సెక్యూరిటీకి పెద్ద, రాయచోటి మనిషి. నేను తేల్చిన పదిహేడు కేసుల్లో నాలుగు తనవేనని ఊరంతా చెప్పుకుంటాడు.

“ఏమబ్బా గోదారోడా, నీళ్ళ బండి యాడ నిలబెట్టినావ్? నిన్నెవరు రమ్మనినారు?” అన్నాడు.

“నీళ్ళు మార్చే రోజు. నా పనికి నేనొచ్చాను.”

“నీళ్ళు పోసుకోనిపో. ఈడ నీకేం పని లేదు. కేసు ఖలాస్. ప్లేయరు, సీలు వీని పరుపు కింద దొరికినాయి. పోటీకి వచ్చిన ప్లాస్టిక్ చాపల కంపెనీ వాండ్లు వీనికి ఏదో ఆశ పెట్టినారు. పరీక్ష చెడగొట్టినాడు.”

“పరీక్ష చెడగొట్టాలంటే చాప కోస్తాడు కానీ సీలు కోస్తాడా? చాప ఎలా ఉంది?”

“చాపకేం, బంగారం మాదిరి ఉండాది. మేడమ్ ఎనిమిదిన్నరకి వచ్చి చూసింది. సీలు లేదు. సీలు లేకపోతే సంతకం లేదు అనింది. ఒంటిగంట లోపల తేల్చండి, రాత్రికి నా ఫ్లైటు అనింది. తేల్చినా.”

నేను అబ్బులు వైపు తిరిగాను. “సీలు ఆఖరుసారి ఎప్పుడు చూశావు?”

“రాత్రి పదికండి. లైటేసి మరీ సూశానండి. రోజూ నంబరు రాయాలి కదండి, పుస్తకంలో రాశాను.”

“తెల్లవారుజామున తొట్టి దగ్గరే ఉన్నావా?”

వాడు అన్వర్ బాషాను చూసి తలదించుకున్నాడు. “నాలుగూ నలభైకి అన్వర్ భాయ్ ఫోన్ సేశారండి. ఎనకాల గేటు కాడికి ట్యాంకరొత్తాది, ఎల్లి తీయమన్నారు. ఎల్లానండి. అయిదూ ఇరవై దాకా నిలబడ్డాను. ఏ ట్యాంకరూ రాలేదు. తిరిగొచ్చి పడుకున్నానండి.”

“తొట్టిలోకి చూశావా?”

“సీకటి కదండి. సాప ఉందా అని సూశాను, ఉంది. సీలు సూడలేదండి.”

అన్వర్ బాషా మధ్యలో అందుకున్నాడు. “మా మేనేజరు, ముదీర్, చెప్పినాడు, ట్యాంకరు వస్తాదని. నేను వీనికి చెప్పినా. అంతే.”

“అన్వర్ భాయ్, ఈ యార్డుకి ఉప్పునీళ్ళు తెచ్చే ట్యాంకరు నాదొక్కటే. నాకు ఎవరూ చెప్పలేదు. ఇక ఏ ట్యాంకరు వస్తుంది?”

నేను తొట్టి దగ్గరికి నడిచాను. అన్వర్ అడ్డం రాలేదు కానీ నా వెనకాలే వచ్చాడు.

తొట్టి పొడుగు ఆరు మీటర్లు. గోడలకి ఎనిమిది ఇనప కొక్కేలు. చాప అంచున ఎనిమిది కన్నాలు, కన్నానికో కొక్కెం. తొంభై రోజుల క్రితం అబ్బులు తగిలిస్తుంటే నేను పక్కనే నిలబడి పైపు పట్టుకున్నాను. అప్పుడు ఆ కొక్కేలు కొత్తవి. ఇప్పుడు తుప్పు పట్టి, పొరలు పొరలుగా లేచి, వేలు పెడితే వేలంతా ఎర్రనయ్యింది. మోకాళ్ళ మీద కూర్చుని ఎనిమిది కన్నాలూ ఒక్కొక్కటే చూశాను.

ఒక్క కన్నానికీ తుప్పు మరక లేదు.

“అన్వర్ భాయ్, నీ చొక్కా తీసి ఈ కొక్కేనికి మూడు నెలలు తగిలిస్తే ఏమవుతుంది?”

“చొక్కా పోతాది.”

“ఈ చాప కన్నం చూడు.”

చూశాడు. రెండోసారి కూడా చూశాడు. తర్వాత నవ్వాడు. “చాప మార్చినారు అంటావ్. నీవే దొరికిపోయినావ్ బ్రదర్. మొదటి దినం ఈ తొట్టి నీళ్ళు టీ మాదిరి ఎర్రగా అయినాయి. కొత్త పీచు రంగు దిగుతాదని నీవే చెప్పినావ్. వారంలో మూడుసార్లు నీళ్ళు మార్చినావ్. మరి ఇప్పుడు చూడు, నీళ్ళు ఎట్లుండాయో. కొత్త చాప తెల్లారి వేసి ఉంటే ఎరుపు యాడికి పోయింది?”

నిజమే. నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున వేసిన గులకరాళ్ళు కనబడుతున్నాయి. పదీ ఇరవై అయింది.

నేను మోటారు ఆపి తొట్టి మూలన నీళ్ళు బయటికి పోయే కన్నానికి బిగించిన జల్లెడ విప్పాను. అది ఆరు రోజుల క్రితం నేనే కడిగి బిగించాను. ఇప్పుడు నిండా పీచు. పిడికెడు పట్టి పిండితే నీళ్ళలో నానిన రొట్టెలా విడిపోయింది. బాగా ఊరిన పీచు అలా ఉండదు. కొబ్బరి డొక్కలు కాలవలో నెలల తరబడి ఊరితే పీచు ఉప్పునీళ్ళలో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఊరబెట్టకుండా, యాసిడ్‌తో రంగు తెప్పించి నేస్తే ఇదిగో, ఇలా అవుతుంది. అసలు చాప కోసుకుపోలేదు, కుళ్ళిపోయింది. దాన్ని తీసేసి మంచిది వేశారు. దొంగ సీలు కోసం రాలేదు. పాత చాప తీయాలంటే సీలు కోయక తప్పలేదు, సీలు కోసినందుకు ఒక దొంగ కావలసి వచ్చాడు.

మరి ఎరుపు? ముందే మంచినీళ్ళలో నాలుగైదు రోజులు నానబెట్టి, రంగంతా దిగాక తెచ్చి వేశారు. ముందే నానబెట్టాలని రాయచోటివాడికి తోచదు, కువైటీ ముదీరుకీ తోచదు. కొత్త పీచు నీళ్ళను ఎర్రబరుస్తుందని భయపడేవాడు, భయపడి ముందుగా నానబెట్టేవాడు మా గోదావరి వైపు వాడే అయి ఉండాలి. ట్యాంకరు ఫోను సంగతి విన్నాక అన్వర్ బాషానే పట్టిద్దామనుకున్నాను. ఆ సంతోషం అక్కడితో పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. మంగళవారం లక్ష్మీదుర్గ ఫోన్ చేసింది. రావులపాలెం అమ్మాయి, సల్వాలో ఒక విల్లాలో పని. “అన్నయ్యా, నువ్వు నీళ్ళోడివి కదా, టైల్స్ మీద ఎర్ర మరక దేనికి పోద్ది?” అని అడిగింది. నేను విసుక్కుని పెట్టేశాను. ఇప్పుడు నేనే చేశాను.

“ఇప్పుడు గుర్తొచ్చానా అన్నయ్యా? ఆ రోజు ఠపీమని పెట్టేశావు.”

“తిడితే తర్వాత తిట్టు. ఆ మరక ఎక్కడ?”

“పిల్లల స్విమ్మింగ్ పూల్లో. శుక్రవారం ఏదో పెద్ద చుట్ట తెచ్చి అందులో పడేశారు. మన కొబ్బరి పీచులా ఉంది. నీళ్ళు డికాషన్‌లా అయిపోయాయి. పారబోసి మళ్ళీ పట్టి, పారబోసి మళ్ళీ పట్టి, నిన్న రాత్రి తీసుకుపోయారు. ఇంటావిడ, మామా, ఏమో మరకలకి నా మీద అరుపులు.”

“మీ ఇంటి యజమాని, ఆ బాబాది ఏం కంపెనీ?”

“రిగ్గైలో ఆఫీసు. దీవులవీ ఏవో.”

అన్వర్ బాషా వినాలని స్పీకరు పెట్టాను. “ఆ చుట్ట తెప్పించింది మీ బాబానేనా?”

“బాబాకేం తెలుసు? గెస్టు. మగాళ్ళు కూర్చునే దివానియా హాలు పక్క గదిలో దిగాడు, పది రోజులైంది. మన గోదారోడే అన్నయ్యా, పేరు చెప్పడు. నన్ను పిలిచి, ‘నీ మేలు కోరి చెబుతున్నానమ్మా, ఈ నీళ్ళ సంగతి ఎవరితోనూ అనకు’ అన్నాడు. నా మేలు ఆయనకెందుకో!”

నేను ఫోన్ పెట్టేశాను. అంబాజీపేటలో ఉన్నాడనుకున్న మనిషి పది రోజులుగా సల్వాలో ఉన్నాడు.

అన్వర్ బాషా జల్లెడలో పీచు తీసి వేళ్ళతో నలిపాడు. తర్వాత గొంతు తగ్గించాడు. అంతకుముందు ఎప్పుడూ నాతో అలా మాట్లాడలేదు. “అయ్యప్పా, నిజం మేడమ్‌తో చెప్తే ఒప్పందం పోతాది. ఒప్పందం పోతే నీ తోట పోతాదంట గదా. ఆఫీసులో అనుకుంటాంటే విన్నా. అబ్బులుకి పెండ్లాం బిడ్డలు లేరు. ఇంటికి పోతాడు, అంతే. నోరు మూసుకో.”

“నీకు పోయేదేముంది?”

“ఏం లేదు. అందుకే చెప్తాండా.”

పదకొండు గంటలు. స్టోరు గది తలుపులోంచి అబ్బులు కనబడుతున్నాడు. నా వైపు చూసి నవ్వాడు. బాబాయి వచ్చాడు, ఇక ఏం కాదు అన్నట్టు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. నన్ను నమ్మమని వాణ్ణి ఎవడడిగాడు?

పదకొండూ ఇరవైకి మేడమ్ మళ్ళీ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, మగవాళ్ళ చెప్పులు వేసుకుంది. నాకొచ్చింది ట్యాంకరు ఇంగ్లీషు: ఫుల్, ఎంప్టీ, లీక్, స్టాప్. మిగతాది అన్వర్ బాషా చెప్పాలి. చెబుతాడో లేదో తెలియదు. అందుకని జల్లెడ ఆమె చేతికిచ్చి, తొట్టిలోని చాప నుంచి ఒక పోగు లాగి అదీ ఇచ్చాను.

ఆమె రెండూ అందుకుంది. సిమెంటు గట్టు మీద కూర్చుని, గౌను మోకాలి పైకి జరుపుకుని, చాప పోగును తొడ మీద పెట్టి అరచేత్తో రుద్దింది. మా అమ్మ అరచేతుల మధ్య పేనేది, ఈమె తొడ మీద పేనుతోంది, అంతే తేడా. చక్కటి దారం వచ్చింది. లాగింది, తెగలేదు. తర్వాత జల్లెడలో పీచు తీసి అలాగే రుద్దింది. అది తొడ మీద మట్టిలా అంటుకుంది.

ఆమె నన్ను చూసి నెమ్మదిగా ఏదో అంది.

“వాండ్ల అమ్మ పీచు పేనేది అంటాండాది,” అన్నాడు అన్వర్ బాషా. “అమ్మను పాతిపెట్టిన చోటు ఒడ్డుకి పదకొండు అడుగులు ఉండాదంట. పోయినేడు పంతొమ్మిది ఉన్నింది. ఈ చాప ఆడ పరిస్తే ఏమవుతాదో నిన్ను అడుగుతాంది.”

“కుళ్ళిపోతుందని చెప్పు. పూల్ సంగతి చెప్పు, తుప్పు సంగతి చెప్పు. అబ్బులు కోయలేదని చెప్పు.”

అన్వర్ మేడమ్ వైపు తిరిగాడు. “యల్లా, నీ ఖర్మ,” అని అంతా చెప్పాడు. ఒక్క ముక్క మింగలేదు. ఆ మాట అతని గురించి రాయక తప్పదు.

మేడమ్ కొక్కేలు ఎనిమిదీ ముట్టుకుని చూసి పుస్తకంలో రాసుకుంది. స్టోరు గదికి వెళ్ళి అబ్బుల్ని లేవమని చేత్తో సైగ చేసింది. వాడు లేచి ఆమెకి దణ్ణం పెట్టి, బయటికి పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పన్నెండూ పది.

పన్నెండున్నరకి ముదీరు కారు వచ్చింది. ముందు సీట్లో ముదీరు, వెనక సీట్లో సోమేశ్వరరావు గారు. తెల్లచొక్కా ఇస్త్రీ నలగలేదు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, దిగి భుజం మీద చెయ్యి వేశాడు.

“అయ్యప్పా! చిక్కిపోయావేమిట్రా?”

“చాప కుళ్ళిపోయిందని మేడమ్‌కి చెప్పేశానండి. మీరు సల్వాలో నానబెట్టింది కూడా చెప్పాను.”

“చెప్పావా?” ఆయన చెయ్యి తీయలేదు. “నీ మేలు కోరి ఇన్నాళ్ళూ దాచానురా. ఆ చాప ఎందుకు మార్చాననుకున్నావు, నా కోసమా?”

ముదీరు అప్పటికే మేడమ్ ముందు ఫైలు తెరిచాడు. అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ గట్టిగా మాట్లాడుతున్నాడు. తన కంపెనీని మోసం చేశారంటున్నాడని అర్థమైంది. సోమేశ్వరరావు గారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. మేడమ్ ఫైల్లో ఒక కాగితం మీద వేలు పెట్టి, అన్వర్ బాషాను పిలిచి, పైకి చదవమంది.

అన్వర్ చదవడం మొదలుపెట్టి ఆగిపోయాడు. నా వైపు చూశాడు.

“చదువు భాయ్,” అన్నాను.

“సప్లయరు. మిల్లు యజమాని.” అతను కాగితం వెలుగు వైపు తిప్పాడు. “అయ్యప్ప. నీ నాయన పేరు, ఊరి పేరు ఉండాయి. పీచు బాగా ఊరబెట్టిందే అని, తేడా వస్తే కేసుకి, నష్టానికి బాధ్యత నాదే అని రాసి ఉండాది. కింద సంతకం నీదే. సోమేశ్వరరావు అని ఇంకో పేరుంది. సలహాదారు, అంతే.”

పద్నాలుగు కాగితాల్లో అది ఎన్నోదో, సంతకం పైన తర్వాత ఏం నింపారో నాకు తెలియదు. సంతకం మాత్రం నాదే. అయ్యప్పలో రెండో ‘ప’ కింద కలం జారి చిన్న గీత పడింది. ఆ రోజు ఆయనే, “ఫరవాలేదులే, బాగానే ఉంది” అన్నాడు.

మేడమ్ నా వైపు తిరిగింది. ఇందాక తొడ మీద పేనిన దారం ఇంకా ఆమె వేలికి చుట్టుకుని ఉంది. దాన్ని విప్పి ఫైలు మీద పెట్టింది. సంతకం పెట్టలేదు.

ముదీరు ఫోన్ తీసి పోలీసులకి చేశాడు. అబ్బులు, “ఏటండి బాబాయ్, ఏటంటన్నారు?” అని నా మొహంలోకి చూస్తున్నాడు. అన్వర్ బాషా స్టోరు గదిలోంచి ఎర్ర ప్లాస్టిక్ స్టూలు తెచ్చి నీడలో వేశాడు.

“కూర్చో అయ్యప్పా. వాండ్లు వచ్చేదానికి ఇరవై నిముషాలు పడతాది.”

“ఆ కాగితం కింద ఇంకేదో రాసి ఉంది. అదీ చదువు.”

“ఎందుకబ్బా?”

“చదువు. చదివి వినిపించమని ఆ రోజు అడగలేదు.”

అన్వర్ బాషా సోమేశ్వరరావు గారి వైపు చూడకుండా ఫైలు ఎత్తి, వేలు పెట్టి నిదానంగా చదివాడు. “నష్టానికి హామీ ఆస్తి. కొబ్బరి తోట. కాపు చెట్లు నలభై మూడు. విస్తీర్ణం అరవై రెండు సెంట్లు.”